ఆపమంటే ఆగని కాంటా సర్వీసు: మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒక సీ ప్రోగ్రాం కేస్ స్టడీ

సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం కోతలు ఊపందుకున్నాయంటే మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ముందు ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు బారులు తీరతాయి. ప్రతి బండినీ రెండుసార్లు కాంటా ఎక్కిస్తారు. లోడుతో ఒకసారి, వడ్లు దించాక ఖాళీగా మరోసారి. ఆ రెండింటి తేడా మీదే రైతుకు డబ్బు లెక్కగడతారు. ఖాళీ బండి తూకం ఏ కారణంతోనో పోయిందనుకోండి, బండిని వెనక్కి పిలిచి మళ్లీ తూయొచ్చు. లోడు తూకం పోతే మాత్రం చేయగలిగింది లేదు. వడ్లు అప్పటికే కుప్పలో కలిసిపోయి ఉంటాయి. ఈ కేసును నేను అంత సీరియస్‌గా తీసుకోవడానికి కారణం ఇదే.

నేను నల్గొండలో ఉంటూ మిల్లులకు, జిన్నింగు ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ పనులు చూసిపెడతాను. ఈ మిల్లులో మూడు కాంటాలున్నాయి. ఒక్కో కాంటా ఇండికేటర్ సీరియల్ పోర్టుకు ఈథర్నెట్ కన్వర్టర్ తగిలించి, ఆఫీసు గదిలో ఉన్న చిన్న లైనక్స్ పెట్టెకు కలిపారు. ఆ పెట్టెలో సీలో రాసిన సర్వీసు ఒకటి రాత్రింబవళ్లు నడుస్తుంది. కాంటా దగ్గర గుమాస్తా బండి నంబరు, రైతు పేరు, వడ్ల రకం కొట్టి బటన్ నొక్కితే ఆ వివరాలు నెట్‌వర్కులో టీసీపీ కనెక్షన్ మీద సర్వీసుకు చేరతాయి. సర్వీసు ఆ క్షణంలో కాంటా చూపిస్తున్న బరువు కలిపి, చీటీ నంబరు వేసి, ఆ రోజు చిట్టా ఫైల్లో ఒక వరస రాసి, చీటీని ప్రింటరుకు పంపి, గుమాస్తాకు ‘ఓకే’ అని జవాబిస్తుంది.

లోపల మూడు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే మూడు పనులు. మెయిన్ థ్రెడ్ గుమాస్తాల కనెక్షన్లన్నిటినీ పోల్‌తో (ఏ కనెక్షన్లో డేటా వచ్చిందో చెప్పే కాల్) చూసుకుంటుంది, చిట్టా రాసేదీ అదే. రెండోది కాంటాల నుంచి బరువులు చదువుతూ ఉంటుంది. మూడోది చిట్టా చూసి యజమాని గదిలోని తెరకు మొత్తాలు పంపుతుంది. చిట్టాను ఇద్దరు ముట్టుకుంటారు కాబట్టి దానికి ఒక మ్యూటెక్స్ పెట్టారు, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్డే పట్టుకోగల తాళం. ఈ ప్రోగ్రాం నా చేతికి రాకముందే ఏళ్ల తరబడి నడిచింది. నడుస్తున్నంతసేపూ దానికి వంక పెట్టడానికి లేదు. గొడవంతా దాన్ని ఆపేటప్పుడే.

ఆపాల్సిన అవసరం సీజన్లోనే ఎక్కువ పడుతుంది. తేమ కోత పట్టిక మారుతుంది, కొత్త సన్న రకం చేర్చాల్సి వస్తుంది, ప్రింటరు మారుస్తారు. ఇవన్నీ సర్వీసును రీస్టార్ట్ చేస్తేనే అమల్లోకి వస్తాయి. ఒకరోజు గుమాస్తా ఫోన్ చేశాడు.

“అన్నా, నిన్న సర్వీసు ఆపి మళ్ల ఎక్కించినంక పొద్దటి చీటీలు కొన్ని కనవడ్తలేవు. లారీ అన్‌లోడ్ అయిపోయింది. డ్రైవర్ చేతిల చీటీ ఉన్నది, మన చిట్టాల ఆ నంబర్ మీద ఇంకో బండి ఉన్నది. ఎట్ల జేద్దాం?”

అతను చెప్పిన రెండో మాటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. చీటీలు పోవడం ఒక ఎత్తు, అదే నంబరుతో ఇంకో బండికి చీటీ రావడం ఇంకో ఎత్తు. సర్వీసు మొదలైనప్పుడు చిట్టాలో చివరి నంబరు చూసి దాని తర్వాతి నంబరు నుంచి ఇస్తుంది. చివరి వరసలు లేకపోతే పాత నంబర్లే మళ్లీ ఇస్తుంది. రెండు కాగితాలు, ఒకే నంబరు, వేరువేరు బండ్లు. రైతు పట్టుకొచ్చే కాగితం నిజమైనదే, మిల్లు చూపించే చిట్టా కూడా నిజమైనదే. ఇలాంటి చోట గొడవ పెరిగితే నష్టపోయేది ఎప్పుడూ ఆధారం చిన్నగా ఉన్నవాడే.

28672

మిల్లుకు వెళ్లి మొదట చూసింది ఆ రోజు చిట్టా ఫైలు. చివరి వరస రైతు పేరు మధ్యలో తెగిపోయి ఉంది. పేర్లు తెలుగులో ఉంటాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి తెగిన చోట సగం అక్షరం మిగిలి, ఎడిటర్లో నల్ల గుర్తులో ప్రశ్నార్థకం కనిపించింది. ఫైలు సైజు 28672 బైట్లు. ఆ అంకె చూడగానే సగం కేసు తేలిపోయింది. 4096ను ఏడుతో గుణిస్తే 28672 వస్తుంది.

ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాసిన వరస నేరుగా ఫైల్లోకి పోదు. సీ లైబ్రరీ దాన్ని ప్రోగ్రాం సొంత మెమరీలోని బఫర్లో పోగుచేస్తుంది. ఫైలు విషయంలో ఆ బఫర్ లైనక్స్‌లో మామూలుగా 4096 బైట్లు. అది నిండినప్పుడు మాత్రమే కెర్నల్‌కు, అంటే లైనక్స్ మూల భాగానికి ఇస్తుంది. ప్రోగ్రాం సవ్యంగా ముగిస్తే మిగిలింది కూడా రాసి వెళుతుంది. బలవంతంగా చంపితే బఫర్‌తో పాటే పోతుంది. అందుకే ఫైలు సైజు సరిగ్గా 4096 గుణిజం దగ్గర ఆగింది, అందుకే వరస మధ్యలో తెగింది. ఈ చిట్టాలో ఒక్కో వరస దాదాపు 120 బైట్లు. అంటే ఒక్క దెబ్బకు 34 చీటీల దాకా గల్లంతు కావచ్చు. సీజన్లో అది మంచి రద్దీగా ఉన్న ఒక పూట.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. బఫర్ నుంచి కెర్నల్‌కు చేరినంత మాత్రాన డిస్కు మీదికి చేరినట్టు కాదు. కెర్నల్ దాన్ని తన మెమరీలోని పేజ్ క్యాష్‌లో ఉంచుకుని తీరిగ్గా రాస్తుంది. ప్రోగ్రాం చచ్చిపోతే పేజ్ క్యాష్‌కు ఏమీ కాదు, కరెంటు పోతే అదీ పోతుంది. చాలామంది ఈ రెండు నష్టాలనూ ఒకటిగా కలిపేసి, బఫర్‌ను కెర్నల్‌కు తోసే ఎఫ్‌ఫ్లష్ ఒక్కటే అన్నిటికీ మందు అనుకుంటారు. ఎఫ్‌ఫ్లష్ మొదటి నష్టాన్నే ఆపుతుంది. రెండోదానికి డిస్కు మీదికి రాయించే ఎఫ్‌సింక్ గానీ ఎఫ్‌డేటాసింక్ గానీ కావాలి.

ప్రోగ్రాంను బలవంతంగా చంపింది ఎవరు? లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డి లాగ్, అంటే జర్నల్ తిరగేస్తే దొరికింది. ఆపమని చెప్పిన 90 సెకన్లకు ‘స్టాప్-సిగ్‌టర్మ్ టైమ్డ్ అవుట్, కిల్లింగ్’ అని సిస్టమ్‌డి రాసుకుంది. సిస్టమ్‌డి ముందు సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ పంపి మర్యాదగా ఆగమంటుంది. వేరే గడువు చెప్పకపోతే 90 సెకన్లు చూస్తుంది. అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ పంపుతుంది. 9వ నంబరు సిగ్నల్ అయిన సిగ్‌కిల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, అడ్డుకోలేదు. మరి మన సర్వీసు 90 సెకన్లు ఏం చేసింది?

హ్యాండ్లర్ లోపల తాళం

పాత కోడ్‌లో సిగ్‌టర్మ్‌కు హ్యాండ్లర్ ఉంది, అంటే ఆ సిగ్నల్ రాగానే చేస్తున్న పని మధ్యలో ఆపి నడిచే ఫంక్షన్. రాసినవారి ఉద్దేశం మంచిదే. సిగ్నల్ వచ్చాక హ్యాండ్లర్ చిట్టా మ్యూటెక్స్ తీసుకోవాలి, ఫైలు మూసేయాలి, ఎగ్జిట్ కావాలి. రాత్రిపూట, కాంటాలు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఆపినా చక్కగా ఆగేది. పగలు రద్దీలో ఆపితేనే ఇరుక్కునేది.

నల్గొండలో నా దగ్గర అదే ప్రోగ్రాం పెట్టి, ఒక చిన్న క్లయింటుతో చీటీల మీద చీటీలు పంపిస్తూ మధ్యలో సిగ్‌టర్మ్ కొట్టాను. ఇరుక్కుంది. జీడీబీ (డీబగ్గర్) తగిలించి మెయిన్ థ్రెడ్ స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస) చూస్తే కింది నుంచి పైకి ఇలా ఉంది: మెయిన్, దానిపైన చీటీ అభ్యర్థన చూసే ఫంక్షన్, దానిపైన చీటీ ప్రింటు చేసే ఫంక్షన్, దానిపైన ‘సిస్టమ్’ కాల్, అది ప్రింటు కమాండు పూర్తయ్యే దాకా వెయిట్‌పిఐడిలో ఎదురుచూస్తోంది. దాని మీద జీడీబీ ‘సిగ్నల్ హ్యాండ్లర్ కాల్డ్’ అని చూపిస్తుంది. ఆ పైన మన హ్యాండ్లర్, అన్నిటికన్నా పైన పీథ్రెడ్ మ్యూటెక్స్ లాక్.

చిట్టా రాయడం మొదలుపెట్టినప్పుడు మెయిన్ థ్రెడ్ మ్యూటెక్స్ తీసుకుంది. దాన్ని వదలకుండానే ప్రింటింగుకు వెళ్లింది. ప్రింటు అయ్యే రెండు మూడు సెకన్లూ తాళం తన దగ్గరే ఉంది. సరిగ్గా ఆ సమయంలో సిగ్నల్ వచ్చి, అదే థ్రెడ్ మీద హ్యాండ్లర్ నడిచి, అదే తాళం అడిగింది. తాళం వదలాల్సిన కోడ్ కదలాలంటే హ్యాండ్లర్ ముగియాలి, హ్యాండ్లర్ ముగియాలంటే తాళం దొరకాలి. 90 సెకన్లు కాదు, 90 రోజులున్నా ఇంతే. చీటీ వెంట చీటీ ప్రింటవుతున్న రద్దీలో ఎప్పుడు సిగ్నల్ పంపినా తాళం పట్టుకుని ఉండే అవకాశమే ఎక్కువ. ఖాళీ వేళ పరీక్షించినవాళ్లకు ఇది కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సిగ్నల్ హ్యాండ్లర్లో ఏం చేయొచ్చో పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఒక జాబితా ఇస్తుంది. రైట్, అండర్‌స్కోర్ ఎగ్జిట్, కిల్ లాంటివి ఉంటాయి. ప్రింట్‌ఎఫ్ లేదు, మాలాక్ లేదు, ఎఫ్‌క్లోజ్ లేదు, మ్యూటెక్స్ లాక్ లేదు. కోడ్ ఏ పనిలో ఏ మధ్యలో ఉన్నా హ్యాండ్లర్ వచ్చి మీద పడుతుంది కాబట్టి, సగంలో ఉన్న దేన్నీ అది ముట్టుకోకూడదు. నా అభిప్రాయం ఇంకాస్త గట్టిది. హ్యాండ్లర్లో శుభ్రం చేసే పని ఏదీ పెట్టకూడదు. ఆగమన్నారు అనే కబురు ప్రధాన లూప్‌కు చేరిస్తే చాలు, ఆగే పనంతా లూప్ చేయాలి.

ఆ కబురు చేర్చడానికి అందరూ మొదట రాసేది ఒక ఫ్లాగు. వోలటైల్ సిగ్ అటామిక్ టీ రకం చలరాశి పెట్టి, హ్యాండ్లర్లో దాన్ని 1 చేసి, లూప్ పైన చూసుకోవడం. దీంట్లో ఒక సందు ఉంది. లూప్ ఫ్లాగు చూసింది, సున్నా. పోల్‌లోకి వెళ్లబోతోంది. ఆ రెండింటి మధ్యలో సిగ్నల్ వచ్చి ఫ్లాగు 1 అయింది. లూప్ అది తెలియకుండా పోల్‌లో కూర్చుంటుంది, తర్వాతి బండి వచ్చేదాకా లేవదు. కొత్త కనెక్షన్ తీసుకునే యాక్సెప్ట్ లేదా డేటా చదివే రీడ్ మీద ఆగి ఉండే ప్రోగ్రాములకు ఇంకో చిక్కు కూడా ఉంది. లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో ‘సిగ్నల్’ ఫంక్షనుతో హ్యాండ్లర్ పెడితే ఆ కాల్స్ అంతరాయం తర్వాత తమంతట తామే మళ్లీ మొదలవుతాయి, లూప్‌కు లేచే అవకాశమే రాదు. పోల్ అలా మొదలవదు, అంతరాయం వచ్చిందని చెప్పి వెనక్కి వస్తుంది. ఆ సందును మూయడానికి, సిగ్నళ్లను వదలడం, వేచి ఉండటం ఒకే అడుగులో చేసే పీపోల్, పీసెలెక్ట్ ఉన్నాయి. డి.జె. బెర్న్‌స్టీన్ పేరు మీద చెప్పుకునే సెల్ఫ్-పైప్ పద్ధతి ఉంది. ఇందులో ప్రోగ్రాం తనకు తానే ఒక పైప్ తెరుచుకుంటుంది, హ్యాండ్లర్ అందులో ఒక్క బైటు రాస్తుంది, పోల్ ఆ పైప్‌ను కూడా చూస్తూ ఉంటుంది.

మాది లైనక్స్ మీదే నడిచేది కాబట్టి నేను సిగ్నల్‌ఎఫ్‌డి ఎంచుకున్నాను. కెర్నల్ 2.6.22 నుంచి ఉంది. సిగ్‌టర్మ్, సిగ్‌ఇంట్ (కీబోర్డు నుంచి ఆపమనేది), సిగ్‌చైల్డ్ (పుట్టించిన ప్రోగ్రాం ముగిసిందనేది) మూడింటినీ మెయిన్ మొదట్లోనే, ఏ థ్రెడ్డూ పుట్టకముందే బ్లాక్ చేస్తాం. తర్వాత పుట్టే థ్రెడ్లు ఆ మాస్కునే, అంటే బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితానే తెచ్చుకుంటాయి. ఈ వరస తప్పితే, బ్లాక్ చేయని థ్రెడ్ ఒక్కటి మిగిలినా సిగ్నల్ దాని మీదికి పోతుంది. బ్లాక్ చేసిన సిగ్నళ్లు ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు, కనెక్షన్‌కు ఉండే నంబరు) మీద మామూలు డేటాలాగా వస్తాయి. పోల్ వాటిని క్లయింట్లతో పాటే చూస్తుంది. హ్యాండ్లర్ అనేదే ఉండదు.

మాస్కు చేసిన ఇంకో పని

ఇది మార్చాక ఒక కొత్త వింత. మెయిన్ ప్రోగ్రాం వెంటనే ఆగుతోంది, కానీ సిస్టమ్‌డి మాత్రం అప్పుడప్పుడు మళ్లీ 90 సెకన్లు కాచుకుని కూర్చుంటోంది. సర్వీసు కంట్రోల్ గ్రూపులో (ఆ సర్వీసుకు చెందిన ప్రోగ్రాముల గుంపు) ఇంకా ఎవరున్నారో చూస్తే ప్రింటు కమాండు కనిపించింది. కాగితం అయిపోయిన ప్రింటరు కోసం అది ఎదురుచూస్తోంది. మరి దానికీ సిగ్‌టర్మ్ వెళ్లింది కదా, ఎందుకు చావలేదు?

బ్లాక్ చేసిన సిగ్నళ్ల మాస్కు ఫోర్క్‌లోనే (ప్రోగ్రాం తన నకలు పుట్టించడం) కాదు, ఎగ్జెక్ (ఆ నకలు వేరే ప్రోగ్రాంగా మారడం) తర్వాత కూడా అలాగే కొనసాగుతుంది. మనం పుట్టించిన ప్రింటు ప్రోగ్రాం మన మాస్కుతోనే బతుకు మొదలుపెట్టింది. సిగ్‌టర్మ్ దానికి చేరనే లేదు. సిగ్నల్‌ఎఫ్‌డి వాడే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. పిల్ల ప్రోగ్రాంను పుట్టించేటప్పుడు మాస్కును ఖాళీ చేసి పంపాలి. ‘సిస్టమ్’ కాల్ తీసేసి పోసిక్స్ స్పాన్ పెట్టాను, అందులో మాస్కు చెప్పడానికి ఒక ఫ్లాగు ఉంది.

దాంతో పాటు సర్వీసు యూనిట్లో (సిస్టమ్‌డి చదివే సెట్టింగుల ఫైలు) కిల్‌మోడ్‌ను మిక్స్‌డ్ చేశాను. మామూలుగా సిస్టమ్‌డి గ్రూపులో ఉన్న అందరికీ ఒకేసారి సిగ్‌టర్మ్ పంపుతుంది. అలా పంపితే చీటీ సగం ప్రింటయి ఆగిపోతుంది. మిక్స్‌డ్‌లో మెయిన్‌కు మాత్రమే సిగ్‌టర్మ్ వెళుతుంది. ప్రింటింగు పూర్తయ్యే దాకా ఆగాలా, వదిలేయాలా అనేది మెయిన్ నిర్ణయించుకుంటుంది. అది ముగిశాక ఇంకా మిగిలినవాళ్లుంటే సిస్టమ్‌డి సిగ్‌కిల్‌తో తీసేస్తుంది. ప్రింటింగును మ్యూటెక్స్ బయటికి తెచ్చేశానని వేరే చెప్పక్కర్లేదు.

‘ఓకే’ ఎప్పుడు చెప్పాలి

సిగ్నల్ సంగతి తేలాక అసలు ప్రశ్న మిగిలింది. ఆగేటప్పుడు చేతిలో ఉన్న పనిని ఏం చేయాలి? నా లెక్కలో దీనికి జవాబు ఒక్క నియమం. గుమాస్తాకు ‘ఓకే’ అని చెప్పిన చీటీ ఏదైనా సరే, ఏం జరిగినా చిట్టాలో ఉండి తీరాలి. ‘ఓకే’ చెప్పని చీటీ ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ గుమాస్తా మళ్లీ పంపితే రెండుసార్లు పడకూడదు. శుభ్రంగా ఆగడానికి రాసే కోడ్ అంతా ఈ నియమానికి లోబడే ఉండాలి.

పాత ప్రోగ్రాం బఫర్లో వేసి ‘ఓకే’ చెప్పేసేది, చీటీ కూడా ప్రింటు చేసేసేది. ఇప్పుడు వరస మార్చాం. వరసంతా ఒకే రైట్ కాల్‌తో అపెండ్ చేయాలి, ఎఫ్‌డేటాసింక్ పూర్తి కావాలి, ఆ తర్వాతే ‘ఓకే’, ఆ తర్వాతే ప్రింటింగు. ఎఫ్‌డేటాసింక్ స్లో కదా అని యజమాని తమ్ముడు అడిగారు. సెకనుకు వేల లావాదేవీలుంటే ఆ మాట నిజం. ఇక్కడ ఒక లారీ కాంటా ఎక్కి దిగడానికే నిమిషాలు పడుతుంది. పదుల మిల్లీసెకన్లు ఎవరికీ కనిపించవు.

రెండుసార్లు పడకుండా ఉండటానికి ప్రతి అభ్యర్థనకూ గుమాస్తా కంప్యూటరే ఒక గుర్తు వేసి పంపుతుంది. కాంటా నంబరు, తేదీ, ఆ రోజు వరస సంఖ్య కలిపి ఆ గుర్తు తయారవుతుంది. చిట్టాలో ఆ గుర్తు కూడా రాస్తాం. అదే గుర్తుతో మళ్లీ వస్తే కొత్త తూకం తీసుకోకుండా పాత చీటీ నంబరే తిరిగి ఇస్తాం. సర్వీసు లేచినప్పుడు చిట్టా చదివి గుర్తులన్నీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. చివరి వరస కొత్త లైను గుర్తు లేకుండా తెగి ఉంటే దాన్ని పక్క ఫైల్లోకి తీసి, చిట్టాను అక్కడికి కత్తిరిస్తుంది. తెగిన వరసకు ‘ఓకే’ చెప్పి ఉండం కాబట్టి గుమాస్తా కంప్యూటర్ దాన్ని ఎలాగూ మళ్లీ పంపుతుంది.

టీసీపీ ‘అందింది’ అంది కదా అని నమ్మకం పెట్టుకోవడం కుదరదు. అవతలి కెర్నల్‌కు బైట్లు చేరాయని మాత్రమే టీసీపీ చెబుతుంది. ప్రోగ్రాం వాటిని చదివిందో, చిట్టాలో రాసిందో దానికి తెలియదు. ‘ముట్టింది’ అని చెప్పాల్సింది ప్రోగ్రామే.

ఆగే వరస

సిగ్‌టర్మ్ రాగానే లూప్ ‘ఆగుతున్నాను’ అనే స్థితిలోకి మారుతుంది, ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారం చూసి 20 సెకన్ల గడువు పెట్టుకుంటుంది. గోడ గడియారం వాడకూడదు. ఆ 20 సెకన్లలో టైం సింక్ జరిగి ముందుకో వెనక్కో జరిగితే లెక్క తప్పుతుంది. సర్వీసు యూనిట్లో ఆగే గడువు 30 సెకన్లు పెట్టాను. మన గడువు సిస్టమ్‌డి గడువు కన్నా ఎప్పుడూ తక్కువ ఉండాలి. లేకపోతే మన లాగ్‌లో కారణం రాసుకునే లోపే సిగ్‌కిల్ వచ్చేస్తుంది.

ముందు మూసేది కొత్త కనెక్షన్లు వచ్చే లిజనింగ్ సాకెట్‌ను. అయితే కెర్నల్ వరసలో అప్పటికే కనెక్షన్ పూర్తయి, మనం యాక్సెప్ట్ చేయనివి ఉండొచ్చు. ఊరికే మూసేస్తే వాటికి రీసెట్ (కనెక్షన్‌ను ఉన్నపళంగా తెంచే కబురు) వెళుతుంది. అందుకని సాకెట్‌ను నాన్‌బ్లాకింగ్‌లో (ఎవరూ లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా) ఉంచి, ఇక ఎవరూ లేరనేదాకా యాక్సెప్ట్ చేసి, వాళ్లకూ ‘సర్వీసు ఆగుతోంది’ అనే జవాబిచ్చి, అప్పుడు మూస్తాం. చివరి యాక్సెప్ట్‌కూ మూయడానికీ మధ్య సన్న సందు ఉంటుంది. అందులో పడినవాళ్లకు గుమాస్తా ప్రోగ్రామే కొన్ని సెకన్లాగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఉన్న కనెక్షన్లను మూయడంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. పాత ప్రోగ్రాం నేరుగా క్లోజ్ పిలిచేది. గుమాస్తా అప్పుడే ఇంకో అభ్యర్థన పంపి ఉంటే అది మన రిసీవ్ బఫర్లో చదవకుండా పడి ఉంటుంది. చదవని డేటా ఉండగా క్లోజ్ చేస్తే లైనక్స్ మామూలు ముగింపు పంపకుండా రీసెట్ పంపుతుంది. ఆ రీసెట్ అవతలికి చేరితే, అంతకుముందే మనం పంపిన ‘ఓకే’ని గుమాస్తా ప్రోగ్రాం ఇంకా చదవకపోయి ఉంటే, అది కూడా పోవచ్చు. అతని తెర మీద కనెక్షన్ రీసెట్ అని వస్తుంది, అతను మళ్లీ బటన్ నొక్కుతాడు, ఒకే బండికి రెండు తూకాలు పడతాయి. పాత చిట్టాల్లో ఒకే బండికి ఒకే నిమిషంలో రెండు వరసలు కనిపించడానికి కారణం ఇదే అయ్యుండాలి.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. మొదలుపెట్టిన చీటీ పూర్తి చేసి జవాబు పంపాలి. తర్వాత షట్‌డౌన్ కాల్‌తో రాసే వైపు మాత్రమే మూయాలి. అప్పుడు అవతలికి ముగింపు కబురు వెళుతుంది, ఇంక ఏమీ రాదని గుమాస్తా ప్రోగ్రాంకు తెలుస్తుంది. మనం మాత్రం చదువుతూనే ఉండాలి. వచ్చినదాన్ని పారేయొచ్చు. దానికి ‘ఓకే’ చెప్పలేదు కాబట్టి నియమం చెడదు. రీడ్ సున్నా ఇచ్చిందంటే అవతలివాళ్లూ మూశారని అర్థం. అప్పుడు క్లోజ్. ఎవరైనా మూయకుండా వేలాడుతుంటే 20 సెకన్ల గడువు ఎలాగూ ఉంది.

కాంటా ఇండికేటర్ల కనెక్షన్లకు ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. ఇండికేటర్ సెకనుకు ఎన్నోసార్లు అదే బరువు పంపుతూ ఉంటుంది, జవాబు కోసం చూడదు. ఒకటి పోయినా మరుక్షణం ఇంకోటి వస్తుంది. వాటిని వెంటనే మూసేస్తాం. అయితే బరువులు చదివే థ్రెడ్ రీడ్‌లో ఆగి ఉంటుంది. వేరే థ్రెడ్ నుంచి ఆ సాకెట్‌ను క్లోజ్ చేస్తే లైనక్స్‌లో ఆ రీడ్ లేవదు. షట్‌డౌన్ చేస్తే లేస్తుంది, సున్నా తీసుకుని బయటికి వస్తుంది. తర్వాత జాయిన్ చేసుకోవచ్చు, అంటే ఆ థ్రెడ్ ముగిసేదాకా చూడొచ్చు. పీథ్రెడ్ క్యాన్సిల్‌ను నేను దగ్గరికి రానివ్వను. తాళం పట్టుకున్న థ్రెడ్‌ను మధ్యలో తీసేస్తే మనం బయటపడ్డ గోతిలోనే మళ్లీ పడతాం.

రెండోసారి సిగ్‌టర్మ్ గానీ సిగ్‌ఇంట్ గానీ వస్తే క్లయింట్ల కోసం ఆగకుండా వెంటనే వెళ్లిపోతుంది. చిట్టా ప్రతి వరసకూ డిస్కు మీద ఉంటోంది కాబట్టి ఇలా వెళ్లినా పోయేది ఏమీ లేదు. గడువు దాటి వెళ్లిపోతే ఎన్ని కనెక్షన్లు మిగిలాయో లాగ్‌లో ఒక వరస రాస్తుంది. మాలాక్ చేసిన మెమరీని ఒక్కొక్కటిగా ఫ్రీ చేయడం మీద మాత్రం ఆ గడువులో ఒక్క సెకను కూడా పెట్టలేదు. ప్రోగ్రాం పోగానే కెర్నల్ అంతా తీసుకుంటుంది. లీకులు వెతకడానికి వాల్‌గ్రిండ్ కింద నడిపే బిల్డులో మాత్రం ఆ ఫ్రీలు ఉంచాను.

చిన్నవి రెండు. ముందు మూసేది మనమే కాబట్టి టైమ్-వెయిట్ (మూసిన కనెక్షన్‌ను కెర్నల్ కాసేపు గుర్తుంచుకునే స్థితి) మన వైపే మిగులుతుంది, లైనక్స్‌లో అది 60 సెకన్లు. రీయూజ్‌అడ్రస్ ఆప్షన్ పెట్టకపోతే ఆ నిమిషం పాటు సర్వీసు మళ్లీ లేవదు. అవతలివాళ్లు మూసేసిన సాకెట్‌లో రాస్తే సిగ్‌పైప్ వచ్చి ప్రోగ్రాం మొత్తం పోతుంది, దాన్ని ఇగ్నోర్ చేయాలి.

పరీక్ష

ఆగడాన్ని చేత్తో పరీక్షిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఒక స్క్రిప్టు రాశాను. ఒక క్లయింటు వరస గుర్తులతో చీటీలు పంపుతూ, ‘ఓకే’ వచ్చిన ప్రతి గుర్తునూ తన ఫైల్లో రాసుకుంటుంది. స్క్రిప్టు ఎప్పుడో ఒక క్షణంలో సర్వీసును ఆపి, మళ్లీ లేపి, ఇంకో క్షణంలో ఆపుతుంది. తెల్లారి చూసుకునేది రెండే: ‘ఓకే’ వచ్చిన గుర్తులన్నీ చిట్టాలో ఉన్నాయా, ఏ గుర్తైనా రెండుసార్లు పడిందా. తర్వాత అదే స్క్రిప్టులో సిగ్‌టర్మ్ స్థానంలో సిగ్‌కిల్ పెట్టి నడిపాను. నియమం సిగ్‌కిల్‌కూ నిలబడాలి. ఎందుకంటే శుభ్రంగా ఆగే కోడ్ ఎంత బాగా రాసినా, అది నడిచే అవకాశం ప్రతిసారీ వస్తుందన్న హామీ లేదు. పెట్టె ప్లగ్గు పీకి కూడా చూశాను. ఇక్కడ సిగ్నల్‌కు సంబంధం లేదు, పని చేసేది ఎఫ్‌డేటాసింకే.

మరి చిట్టాకు సిగ్‌కిల్‌తో కూడా నష్టం లేనప్పుడు ఇంత కష్టపడి మర్యాదగా ఆగడం ఎందుకని యజమాని తమ్ముడే మళ్లీ అడిగారు, న్యాయమైన ప్రశ్న. చిట్టా భద్రంగా ఉంటుంది గానీ, కాంటా మీద బండి పెట్టుకున్న గుమాస్తాకు తన చీటీ పడిందో లేదో తెలియని అయోమయం ఉంటుంది, సగం ప్రింటయిన కాగితం ఉంటుంది, వెనక లైన్లో హారన్లు ఉంటాయి. ఇప్పుడు అతని తెర మీద ‘సర్వీసు ఆగుతోంది, చీటీ నమోదైంది’ అనో, ‘చీటీ ఇంకా పడలేదు, మళ్లీ పంపుతున్నాం’ అనో స్పష్టంగా వస్తుంది. డ్రైవరుకు ఏం చెప్పాలో అతనికి తెలుసు.

కరెంటు విషయంలో ఒకటి తర్వాత బయటపడింది. ఆఫీసు పెట్టెకు యూపీఎస్ ఉంది. బ్యాటరీ అడుగంటినప్పుడు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ పెట్టెను షట్‌డౌన్ చేసేలా అమర్చాం. అలా ఆగినప్పుడు మాత్రం గుమాస్తాల తెరల మీద ముగింపు కబురు కనిపించడం లేదు. యూనిట్ ఫైల్లో ఆఫ్టర్ అనే వరస లేదు. సిస్టమ్‌డి ఆపేటప్పుడు, మొదలుపెట్టిన క్రమానికి సరిగ్గా తిరగేసి ఆపుతుంది. ఏది దేని తర్వాత మొదలవ్వాలో చెప్పకపోతే అన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది. మన సర్వీసు ఇంకా వీడ్కోలు చెబుతుండగానే నెట్‌వర్క్ దిగిపోయేది, ప్రింటింగు సర్వీసు కూడా పోయేది. ఆఫ్టర్‌లో నెట్‌వర్క్ టార్గెట్‌నూ, ప్రింటింగు చూసే కప్స్ సర్వీసునూ చేర్చాక కుదురుకుంది.

ఇంకా ఒక పని పెండింగు ఉంది. లిజనింగ్ సాకెట్‌ను సిస్టమ్‌డి చేతిలోనే ఉంచే సాకెట్ యాక్టివేషన్‌కు మారితే, రీస్టార్ట్ సమయంలో కొత్తగా వచ్చే కనెక్షన్లు తిరస్కరణకు గురికాకుండా కెర్నల్ వరసలో వేచి ఉంటాయి. చివరి యాక్సెప్ట్ దగ్గర చెప్పిన ఆ సన్న సందు కూడా పోతుంది. యాసంగి వడ్లు ఏప్రిల్లో మొదలవుతాయి. ఆ లోపు దాన్ని కూడా అదే స్క్రిప్టు కింద నడిపి, మిల్లులో పెట్టాలని అనుకుంటున్నాను.